మేలూరు ఆట: చింతగింజలతో ఊరుమ్మడి లెక్క ఆడించే పద్ధతి

ఎవరి పని వాళ్లు చూసుకుంటే ఊరు బాగుపడుతుందా, నలుగురూ కలిసి చేసుకుంటే బాగుపడుతుందా అని సభలో అడిగితే అందరి నోటా ఒకే జవాబు వస్తుంది. అదే మనుషుల చేతికి పది చింతగింజలిచ్చి, ఉమ్మడి కుండలో ఎన్ని వేస్తావో నీ ఇష్టం, ఎవరికీ కనపడదు అంటే జవాబు మారిపోతుంది. నోటి మాటకూ చేతి లెక్కకూ మధ్య ఉన్న ఆ తేడాను ఊరివాళ్లే స్వయంగా చూసుకోవడానికి ఈ ఆట. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ, అహేరి తాలూకాల్లో బచత్ గట్ల (పొదుపు సంఘాల) వారికీ, గ్రామసభ యువకులకూ, పదో తరగతి దాటిన పిల్లలకూ ఆడించడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాం. తునికాకు కల్లాలు ముగిసి, వానాకాలం దుక్కులు ఇంకా మొదలు కాని రోజులు దీనికి అనువైనవి. ఆడించడానికి మూడున్నర గంటలు పడుతుంది. తొందరపడితే మూడో భాగం చెడిపోతుంది.

మేలూరు లేని ఊరు. 1516లో థామస్ మోర్ పుట్టించిన యుటోపియా అనే మాటకు గ్రీకులో లేని చోటు అని అర్థం. పలికితే మంచి చోటు అన్నట్టు కూడా వినిపిస్తుంది. మన ఆటలో ఈ ఊరికి ఐదిళ్లు, ఒక చెరువు. వానలకు ముందు ఏటా కట్ట మీద మన్ను పోయాలి, తూము సరిచేయాలి, కాలువ పూడిక తీయాలి. ఒక గింజ అంటే ఒక రోజు పని, ఒక పంట అంటే ఆటలో ఒక విడత. ప్రతి ఇంటికీ పంటకు పది రోజులుంటాయి. సొంత చేనులో చేసిన రోజుకు ఒక గింజ ఫలం. చెరువు మీద చేసిన రోజుకు రెండు గింజల ఫలం, కానీ అది ఐదిళ్లకూ సమానంగా పోతుంది.

ఆడించేవారు లెక్కను ముందే ఒంటబట్టించుకోవాలి. ఐదుగురూ పదేసి వేస్తే 50 పడతాయి, 100 అవుతాయి, తలా 20 వస్తాయి. ఎవరూ వేయకపోతే తలా 10. నలుగురు పదేసి వేసి ఒకరు సున్నా వేస్తే 40 పడి 80 అవుతాయి, తలా 16 వస్తాయి. వేయనివారి దగ్గర తన 10 కూడా ఉంటాయి కాబట్టి మొత్తం 26. కుండలో వేసిన ప్రతి గింజకూ వేసినవారికి తిరిగొచ్చేది ఐదింట రెండు వంతులే, ఊరికి వచ్చేది రెండు గింజలు. ఆట గుట్టంతా ఇక్కడే ఉంది. ఈ లెక్కను ఆడేవారికి ముందుగా విప్పి చెప్పకండి, వాళ్లంతట వాళ్లే కనుక్కోవాలి.

కావలసినవి

15 మంది ఆడేవారు, అంటే ఐదుగురేసి మూడు ఊళ్లు. ఆట నడిపేవారు ఒకరు, ఊరికొక లెక్క రాసేవారు. చింతగింజలు అరకిలో తెచ్చుకుంటే చాలు: ఊరికి 100 గింజలు ఖాయంగా తిరుగుతాయి, పైకి ఇంకో 20 ఉంచుకోండి. పుచ్చిన గింజలు ఏరి పారేయండి, తేలికగా ఉండి లెక్కలో చేతికి తెలియవు. అందంగా ఉంటాయని గురివింద గింజలు మాత్రం వాడవద్దు. అవి విషం, చిన్నపిల్లలు తిరిగే చోట అసలే పనికిరావు.

ప్రతి మనిషికీ రెండు గుడ్డ సంచులు కావాలి. తెల్లది ఉంచుకోవడానికి, ఎర్రది ఊరికి. రెండింటి మీదా ఇంటి నంబరు 1 నుంచి 5 వరకు రాయాలి. ఊరికొక మట్టి కుండ, కుండ అడుగున మడిచిన గోనెపట్ట. గోనెపట్ట మరిచిపోవద్దు. ఒట్టి కుండలో గింజలు పడితే ఎన్ని పడ్డాయో చప్పుడే చెబుతుంది, రెండో పంటకల్లా అందరూ చెవులు రిక్కించి వింటుంటారు. స్టీలు గిన్నె ఇంకా చెడ్డది. మూలన తాడు కట్టి ఒక చీర అడ్డం వేయండి. గింజలు ఒక సంచిలోంచి మరో సంచిలోకి మార్చుకునేది ఆ చీర వెనకే. లెక్క రాసేవారికి వేరే అడ్డం ఉండాలి.

బహుమతి తప్పనిసరి. ఒట్టి గింజలకు ఆడితే అందరూ ధర్మరాజులే. 100 గింజలకు ఒక పల్లిపట్టి అని చెప్పండి. ఆట మొత్తం 20 పంటలు కాబట్టి, అందరూ నిండుగా వేస్తూ పోయినా సగటున మనిషికి 400 దాటవు. అందుకే 60 పట్టీలు తెచ్చుకుంటే 15 మందికీ సరిపోతాయి.

మరాఠీ బడిలో చదివిన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చినా తెలుగు అక్షరాలు రాకపోవచ్చు. గోండీ మాట్లాడే ఇళ్ల వారూ ఉంటారు. అందుకని గోడ మీది చార్టులో మాటలు తక్కువ పెట్టండి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత అనే పద్ధతి అందరికీ అర్థమవుతుంది.

ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి

సర్పంచ్, పోలీస్ పాటిల్ (ఊళ్లో పోలీసు వ్యవహారాలు చూసే పెద్ద), అప్పులిచ్చే ఆసామి ఉన్న గుంపులో మిగతా నలుగురూ ఆయన ముఖం చూసి వేస్తారు. అలాంటి పెద్దలను చూసేవారిగా వెనక కూర్చోమని గౌరవంగా అడగండి. అత్తాకోడళ్లను ఒకే ఊళ్లో వేయవద్దు. లెక్క రాసేవారు ఆ గుంపులో ఎవరికీ చుట్టం కాకూడదు. ఎవరెంత వేశారో తెలిసేది ఆయనకొక్కరికే, అది బయటికి పొక్కితే మొదటి భాగం మొత్తం వృథా.

ఆట పేరు చెప్పేటప్పుడూ జాగ్రత్త. ఒకే ఆటను కొందరికి ఊరుమ్మడి ఆట అనీ, కొందరికి షేర్ బజారు ఆట అనీ పేరు పెట్టి అమెరికాలో ఆడించి చూశారు. ఆ ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. మొదటి పేరు విన్నవారిలో మూడింట రెండు వంతుల దాకా కలిసి నడిస్తే, రెండో పేరు విన్నవారిలో మూడో వంతు మందే కలిసి నడిచారు. కాబట్టి స్వార్థమనీ త్యాగమనీ మాటలు రానీయకండి. ఉత్త గింజలాట అనండి.

మొదటి భాగం: చాటుగా, మాట లేకుండా, 6 పంటలు

ఎన్ని పంటలో బయటికి చెప్పవద్దు. ఆఖరి పంట ఏదో తెలిస్తే ఆ పంటలో చేతులు ముడుచుకుంటాయి. అది ముందే తెలిసినవారు అంతకు ముందు పంటలోనే ముడుస్తారు.

ఇలా చెబితే సరిపోతుంది: “ఇగ సూడున్రి, మీ తెల్ల సంచిల పది గింజలున్నయి. ఎన్ని ఎర్ర సంచిల ఏస్తరో మీ ఇష్టం. ఏసినయి రెట్టింపయితయి, ఐదిండ్లకు సమానంగ పంచుతం. ఉంచుకున్నయి మీయే.” ఇంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. ఎన్ని వేస్తే మంచిదక్కా అని ఎవరైనా అడిగితే అదే మాట మళ్లీ చెప్పండి.

ఒక్కొక్కరే చీర వెనక్కి వెళ్లి గింజలు మార్చుకుని, ఎర్ర సంచిని గంపలో వేయాలి. లెక్క రాసేవారు అడ్డం వెనక సంచి విప్పి, నంబరు ఎదురుగా గింజలు రాసుకుని, కుండలో పోస్తారు. మొత్తం ఎంతో అంత తన దగ్గరి గింజల్లోంచి కలిపి, ఐదు కుప్పలు పెడతారు. 37 పడితే 74 అవుతాయి, తలా 14 పోగా 4 మిగులుతాయి. మిగిలినవి కుండ మూత మీద ఉంచి తర్వాతి పంట పంపకంలో కలపండి. బయటికి చదివేది మొత్తం ఒక్కటే. తర్వాత ప్రతి ఇంటి ఖాతాలో ఉంచుకున్నవీ వాటాకు వచ్చినవీ కలిపి రాసి, గింజలన్నీ వెనక్కి తీసుకుని, మళ్లీ పదేసి ఇవ్వాలి. ఖాతా మాత్రమే పెరుగుతుంది, చేతిలో గింజలు పేరుకోవు. గింజలు చేతిలోనే ఉంచితే మూడో పంటకు లెక్క తప్పి తగువు వస్తుంది.

ఈ ఆటను ఎన్నో దేశాల్లో ఆడించి చూశారు. మొదటి పంటలో సగం దాకా పడతాయి, తర్వాత పంట పంటకూ దిగుతాయి. మీ ఊళ్లోనూ నాలుగైదు గింజలతో మొదలై రెండు మూడుకు చేరితే కంగారు పడకండి. అయితే అది ఎందుకు దిగిందో సరిగ్గా పట్టుకోవాలి. జనమంతా స్వార్థపరులు అని తేల్చేయడం తప్పు. ఫిష్‌బాకర్, గాష్టర్, ఫేర్ అనే ఆర్థికవేత్తలు 2001లో అచ్చేసిన ప్రయోగంలో దాదాపు సగం మంది ఎదుటివారు వేస్తే మేమూ వేస్తామనే రకం. ఏం జరిగినా వేయనివారు మూడో వంతుకు కాస్త తక్కువ. అంటే ఊరిని దించేది ఆ కొద్దిమందే కాదు. వాళ్లను చూసి, నేనొక్కడినే వెర్రివాణ్ణా అనుకుని చేయి వెనక్కి తీసుకునే మంచివాళ్లే ఎక్కువ. ఈ సంగతి తర్వాత చర్చలో వాళ్ల నోటనే రావాలి. ఆరో పంట ముగిశాక “ఎందుకు తగ్గించినవ్ తమ్ముడా?” అని అడగకండి. చాటు వేసినది చాటుగానే ఉండాలి. “కుండ ఎందుకు తగ్గింది?” అని ఊరిని అడగండి.

రెండో భాగం: మాట్లాడుకుని, 4 పంటలు

పంటకూ పంటకూ మధ్య ఐదు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి. వేయడం ఇంకా చాటుగానే. మాట ఇచ్చినా కట్టుబడాలన్న నియమం లేదు. అయినా కుండ నిండుతుంది, ఎదురెదురుగా కూర్చుని అనుకున్న మాటకు అంత బలముంది. మాట్లాడేటప్పుడు ఒకే గొంతు వినిపిస్తుంటే నడిపేవారు కలగజేసుకోవచ్చు: మాట్లాడినవారు ఒక చింతగింజ ముందు పెట్టాలి, గింజ పెట్టినవారు మిగతా నలుగురూ పెట్టేదాకా మళ్లీ మాట్లాడకూడదు. కోడళ్లూ పిల్లలూ నోరు విప్పేది ఇలాగే.

మూడో భాగం: లెక్క బయటపెట్టి, దండుగతో, 4 పంటలు

ఇక్కడి నుంచి ఏ ఇల్లు ఎన్ని వేసిందో పంట కాగానే బిగ్గరగా చదవాలి. చదివాక ప్రతి ఇల్లూ తన ఖాతాలోంచి ఒకటి నుంచి మూడు గింజలు ఖర్చుపెట్టి ఎవరికైనా దండుగ (జరిమానా) వేయవచ్చు. ఒక గింజ ఖర్చుకు ఎదుటివారివి మూడు గింజలు పోతాయి. చీటీ మీద ఇంటి నంబరు, గింజల సంఖ్య రాసి ఇస్తారు. ఎవరు వేశారో చెప్పరు.

ఈ భాగాన్ని నిదానంగా నడపాలి. ఉదాహరణకు నాలుగిళ్లు పదేసి వేసి ఒక ఇల్లు 2 వేసిందనుకోండి. 42 పడి 84 అవుతాయి, తలా 16, మూత మీద 4. తక్కువ వేసిన ఇంటికి ఉంచుకున్న 8తో కలిపి 24. ఇద్దరు ఒక్కో గింజ దండుగ వేస్తే ఆ ఇంటికి 18 మిగులుతాయి, ఇంకా లాభమే. ముగ్గురు వేస్తే 15కు దిగుతుంది. కానీ దండుగ వేసిన ముగ్గురికీ 15 మాత్రమే మిగిలాయి. వేయకుండా చూస్తూ ఊరుకున్న నాలుగో ఇంటికి 16. అంటే ఎగ్గొట్టేవాణ్ణి అదుపు చేయడం కూడా కట్ట మీద మన్ను పోయడం లాంటి ఉమ్మడి పనే, అందులోనూ ఎగ్గొట్టవచ్చు. ఈ లెక్కను చార్టు మీద గీతలతో వేసి చూపించండి. కాపలా ఖర్చు కుండలోంచి పోవాలి, ఒక్కరి నెత్తిన పడకూడదు అన్న మాట ఎవరో ఒకరు అంటారు. అనకపోతే ఎదురుచూడండి, మీరు అందించకండి.

దండుగ వచ్చాక కుండ పెరుగుతుందని ఫేర్, గాష్టర్ 2000లో చూపారు. కానీ మొదటి ఒకటి రెండు పంటల్లో అందరి ఖాతాలూ తగ్గినట్టే కనిపిస్తాయి, దండుగలకే గింజలు పోతాయి. అంతలోనే ఆపేస్తే దండుగ వల్ల నష్టమే అన్న తప్పుడు ముగింపు వస్తుంది. నాలుగు పంటలూ పూర్తి చేయండి.

ఇంకొక చెడు కూడా ఉంది. నిండుగా వేసిన ఇంటికే దండుగ పడుతుంది. పోయినసారి నాకు వేసింది వీళ్లే అయ్యుంటారన్న పగతోనో, పెద్ద గొప్పగా వేశారన్న కడుపుమంటతోనో వేస్తారు. 2008లో అచ్చయిన ఒక పరిశీలనలో 16 నగరాల్లో ఈ ఆట ఆడిస్తే, కొన్నిచోట్ల ఎగ్గొట్టినవారి మీద పడినన్ని దండుగలూ నిండుగా వేసినవారి మీద కూడా పడ్డాయి. అక్కడ కుండ నిండలేదు. మీ గుంపులో ఇది కనిపిస్తే ఆట ఆపకండి, ఆ మనిషిని పట్టుకుని మందలించకండి. పంట ముగిశాక చార్టు మీద ఆ దండుగను పసుపు చుక్కతో గుర్తించండి. నాలుగో భాగంలో కట్టుబాట్లు రాసేటప్పుడు అదే ముందుకొస్తుంది.

నాలుగో భాగం: సొంత కట్టుబాట్లు, కష్టం వచ్చే ఇల్లు, 6 పంటలు

అరగంట సమయం ఇచ్చి ప్రతి ఊరినీ ఐదు కట్టుబాట్లకు మించకుండా రాసుకోమనండి. ఎక్కువ రాస్తే ఎవరికీ గుర్తుండవు. ఇంటికి ఎన్ని గింజలు, లెక్క ఎవరు చూడాలి, మొదటిసారి తప్పితే ఏమిటి, రెండోసారి తప్పితే ఏమిటి, కట్టుబాటు మార్చాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి అన్నవి తప్పక రావాలి. మొదటి తప్పుకే పెద్ద దండుగ పెట్టిన ఊరు సాధారణంగా చీలిపోతుంది. ఎలినార్ ఆస్ట్రోమ్ స్విట్జర్లాండ్ కొండ పచ్చికలను, స్పెయిన్, ఫిలిప్పీన్స్ పంట కాలువలను పరిశీలించి 1990లో చెప్పింది ఇదే: తరతరాలు నిలిచిన ఉమ్మడి ఏర్పాట్లలో దండన చిన్నగా మొదలై మెల్లగా పెరుగుతుంది, కాపలా కాసేది వాడుకునేవారే, తగువు తీర్చే చోటు దగ్గర్లోనే ఉంటుంది. ఆ పనికే 2009లో ఆమెకు అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఇప్పుడు కష్టాన్ని తేవాలి. ప్రతి పంటకూ నడిపేవారు ఐదు సంచులు మూతికట్టి పెట్టాలి. నాలుగింటిలో పదేసి గింజలు, ఒకదానిలో 3 చింతగింజలు, ఒక కుంకుడు గింజ. సంచి ఏదో తెలియకుండా ఆడేవారే తీసుకోవాలి. కుంకుడు గింజ వచ్చిన ఇంట్లో ఆ పంటకు జ్వరమో, ఎద్దు చావడమో జరిగిందని అర్థం. మొదటి మూడు పంటల్లో కుంకుడు గింజను పైకెత్తి అందరికీ చూపించాలి. ఆ తర్వాత మూడు పంటల్లో చూపించకూడదు, నోటితోనే చెప్పుకోవాలి.

మొదటి మూడింటిలో చాలా ఊళ్లు ఉదారంగానే ఉంటాయి: ఈ పంటకు మాఫ్ అంటారు, లేదా కుండలోంచి రెండు గింజలు ఇప్పిస్తారు. అసలు పరీక్ష తర్వాతి మూడింటిలో. ఒకే పంటలో ఇద్దరు మాకు కష్టమొచ్చింది అంటారు, సంచుల్లో కుంకుడు గింజ ఒక్కటే ఉందని అందరికీ తెలుసు. చేతకానివాణ్ణీ చెయ్యనివాణ్ణీ విడదీయలేక ఊరు ఇక్కడే తడబడుతుంది. అనుమానం భరించలేక మాఫీ మొత్తం తీసేస్తే, నిజంగా జ్వరం వచ్చిన ఇంటికి దండుగ పడుతుంది. ఆ ఇల్లు మరుసటి పంటలో చేయి ముడుస్తుంది. అడిగినవారికల్లా మాఫీ ఇస్తే మూడో పంటకు అందరికీ జ్వరమే. ఆటలో కొన్ని గుంపులు వాటంతట అవే కనుక్కునే దారి ఒకటుంది: మాఫీ కాదు, బదులు. ఈ పంటలో తగ్గించినది రెండు పంటల్లో తీర్చాలి, కుంకుడు గింజ మళ్లీ వస్తే గడువు పెరుగుతుంది. అబద్ధం చెప్పి లాభం లేదు కాబట్టి అబద్ధాలు తగ్గుతాయి, నిజంగా పడిపోయిన ఇంటికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. నాట్లకు ఒకరికొకరు బదులు పోయే ఇళ్ల వారికి ఇది కొత్త కాదు, ఆటలో గుర్తుకు రావడమే ఆలస్యం. మీకు తెలిసినా ముందుగా చెప్పవద్దు.

చర్చ

చర్చకు కనీసం 40 నిమిషాలు ఉంచండి. మూడు ఊళ్ల కుండల లెక్కను పంట వారీగా ఒకే చార్టు మీద మూడు రంగుల గీతలుగా వేసి, ఏ పంట దగ్గర ఏ గీత విరిగిందో వాళ్లనే చూపించమనండి. తర్వాత అసలు ఊళ్ల సంగతికి రండి. గడ్చిరోలి, చంద్రపూర్, భండారా, గోందియా జిల్లాల్లో మాలగుజార్లు (శిస్తు వసూలు చేసే భూస్వాములు) చూసుకున్న మాలగుజారీ చెరువుల గురించి పెద్దలకు తెలుసు. 1950 చట్టంతో మాలగుజారీ పోయాక చెరువులు సర్కారు చేతికి వెళ్లాయి, నీళ్లు అందరివీ అయ్యాయి, చాలాచోట్ల పూడిక తీసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది. ఆటలో మొదటి భాగం అదే. దానికి ఎదురు ఉదాహరణ మన జిల్లాలోనే ధానోరా తాలూకా మేంఢా లేఖా. 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందిన గోండుల ఊరు అది. అక్కడ గ్రామసభ నిర్ణయాలు మెజారిటీతో కాక అందరి ఒప్పుకోలుతో జరుగుతాయి, తేలని సంగతిని ముందు అధ్యయన మండలిలో చదివి చర్చించుకుంటారు.

ఊహల ఊళ్లను నిజంగా కట్టిన చోట ఏమైందో కూడా చెప్పవచ్చు. రాబర్ట్ ఓవెన్ అమెరికాలో న్యూ హార్మనీ అనే ఆదర్శ ఊరిని 1825లో మొదలుపెట్టాడు. వచ్చినవారందరినీ చేర్చుకున్నారు, పని చేసినవారికీ చేయనివారికీ వాటా ఎలా అన్నది తేలలేదు, 1827కల్లా ఊరు విడిపోయింది. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది చిన్న కొట్టు పెట్టారు. మనిషికొక ఓటు, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా, అందరూ చూడగల లెక్క. సహకార సంఘాల పద్ధతి అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. మొదటి ఊరి ఆశ పెద్దది, రెండో కొట్టు లెక్క గట్టిది.

పట్టీలు పంచేటప్పుడు ఎవరికెన్నో పైకి చదవకండి. ఇంటి నంబరు రాసిన కవర్లలో మూసి ఇవ్వండి, 100కు తక్కువ మిగిలితే 50 దాటినదానికి ఒక పట్టీ లెక్కన ఇవ్వండి. అందుకు నాలుగైదు పట్టీలు ఎక్కువ తెచ్చుకుంటే మంచిది. అదే గుంపుతో మళ్లీ ఆడించాలంటే కనీసం నెల ఆగి, ఇళ్లను కలిపి మార్చండి. గింజలను ఒక రోజు ఎండలో పోసి, పొడి డబ్బాలో ఎండు వేపాకు వేసి మూతపెట్టండి. వానాకాలంలో తేమ తగిలితే పురుగు పడుతుంది.